పలెర్మో న్యాయస్థానములో ఒక పూట

మా తమ్ముడు ఇటలీ దేశములోని సిసిలీ ద్వీపమున, పలెర్మో నగరపు విశ్వవిద్యాలయములో పరిశోధన చేయుచున్నాడు. "అక్కా, బావగారికి బడి సెలవు లీయగానే మీరిద్దరును వచ్చి నా యొద్ద పది దినములుండి పోవలెను" అని రెండేండ్లనుండి కోరుచుండెను. పంతులుగారి జీతముతో విదేశయాత్ర యన్న మాట అనుటకే జంకుచుండిన మేము, కడకు గత వేసవిలో, అతడే టిక్కెట్లు పంపగా బయలుదేరితిమి. గోదావరి యొడ్డున పుట్టి, గోదావరి యొడ్డుననే మెట్టిన మాకు సముద్రము దాటుట అదియే మొదటిసారి. చూచిన వింతలన్నియు సోదరీమణులకు చెప్పవలెనని కలము పట్టితిమి గాని, వ్రాయబోవునప్పటికి కోటలును, గుడులును వెనుకకు తొలగి, ఒక న్యాయస్థానములో గడిపిన ఒక్క పూటయే కన్నుల యెదుట నిలుచుచున్నది. కావున దానినే చెప్పుదుము.

విమానాశ్రయమునుండి నగరము ముప్పదియైదు కిలోమీటరులు. ఒక వైపున నీలసముద్రము, మఱియొక వైపున బోడికొండలు. త్రోవలో కపాచి యను గ్రామము దగ్గఱ మా తమ్ముడు బండి వేగము తగ్గించి, మార్గమున కిరువైపుల నిలిచియున్న ఎఱ్ఱని స్తంభములను చూపెను. 1992వ సంవత్సరము మే 23వ తేదీన ఆ చోట దారిక్రింద పెట్టిన మందుగుండు ప్రేలి, జొవాన్ని ఫాల్కోనే యను న్యాయాధికారియు, ఆయన భార్య ఫ్రాన్చెస్కా మొర్విల్లోయు, రక్షకభటులు ముగ్గురును మరణించిరి. ఆమెయు న్యాయాధికారిణియే, బాలనేరస్థుల న్యాయస్థానములో చిరకాలము పని చేసినది. పిమ్మట రెండు నెలలు నిండకముందే, జూలై 19న, ఫాల్కోనేకు బాల్యమిత్రుడును, సహోద్యోగియు నగు పావొలో బొర్సెల్లీనోను, ఆయన అంగరక్షకు లైదుగురిని అట్లే చంపిరి. ఆ యైదుగురిలో ఎమాన్యుయేలా లోయి యను ఇరువదినాలుగేండ్ల యువతి యొకతె. నేడు ఆ విమానాశ్రయమునకు ఫాల్కోనే, బొర్సెల్లీనోల పేరులే పెట్టినారు.

చంపినది మాఫియా యను రహస్యపు ముఠా. ఆ ముఠా బలమంతయు జనుల మౌనములో నుండెడిది. చూచినవాడు చూడలేదనును, దెబ్బ తిన్నవాడు తగిలించుకొన్నాననును. ఆ మౌనమునకు అచ్చటివారు 'ఒమెర్తా' అని పేరు పెట్టినారు. సాక్షి లేనిదే నేరము ఋజువు గాదు గనుక దొరలవలె తిరిగెడివారట.

మఱునాడు బల్లరో యను అంగడివీధికి పోయితిమి. అచ్చటి వంకాయలు మన గుమ్మడిపిందె లంతేసి యుండుట చూచి నవ్వుకొంటిమి. శనగపిండిని నీటిలో ఉడికించి, పలుచగా పఱచి ఆరనిచ్చి, ముక్కలు కోసి, నూనెలో వేయించి రొట్టె నడుమ పెట్టి అమ్ముదురు. దానిని పానెల్లె యందురు. మన బజ్జీకి దూరపు చుట్టమని తోచినది. ఆ వీధిలో సిసిలీవారితోబాటు ఆఫ్రికావారును, బంగ్లాదేశమువారును దుకాణములు పెట్టుకొని యున్నారు. ఒక అరుగుపై నొక ఆఫ్రికా పడుచు మఱియొకతెకు సన్నసన్నని జడలు అల్లుచుండెను. మా ఊరి వీధియరుగే జ్ఞప్తికి వచ్చినది. "వీరిలో తమంతట వచ్చినవారు కలరు, అమ్మబడి వచ్చినవారును కలరు. చూచి చెప్పలేము" అని మా తమ్ముడనెను. ఆ మాట మా మనస్సులో ముల్లువలె గ్రుచ్చుకొనినది. ఎందులకో ముందు చెప్పుదుము.

మూడవనాడు న్యాయస్థానము చూడబోయితిమి. అది తెల్లని రాతితో కట్టిన మహాభవనము. అందులో ఫాల్కోనే, బొర్సెల్లీనోలు కూర్చుండి పని చేసిన చిన్న గదులను, వారు వాడిన బల్లలతో, కుర్చీలతో అట్లే కాపాడి చూపుచున్నారు. ముందుగా అనుమతి పొంది పోవలెను. మాకు నియమించిన వేళకే మఱియొక జట్టు వచ్చి యుండెను. ఎనమండుగురు, అందు ముగ్గురు స్త్రీలు. నైజీరియా దేశపు ప్రభుత్వపక్షపు న్యాయవాదులు, అనగా ప్రాసిక్యూటరులు. మనుష్యులను అమ్మువారిపై అభియోగము నడపు విధానము నేర్చుకొనుటకై వచ్చిరట. ఇంగ్లీషులో చెప్పించుటకు ఒక దుబాసీ యుండుటచేత మమ్మును వారితో కలిపి నడిపించిరి. మా వారికి ఇంగ్లీషు వృత్తివిద్య. మేము ఇంటివద్ద ఆయనయొద్ద నేర్చుకొన్నంతవఱకు అర్థము చేసికొంటిమి.

ఆ గదిలో విన్నది మాకు మిగుల నచ్చినది. సాక్షులు నోరు విప్పనపుడు ఫాల్కోనే యేమి చేసెననగా, మనుష్యులను విడిచి ధనమును ప్రశ్నించెను. 1980వ సంవత్సరమున ఒక మత్తుమందుల వ్యాజ్యెములో బ్యాంకులనుండి చెక్కులను, జమాఖర్చుల కాగితములను తెప్పించి, ఒక్కొక్కటిగా సరిచూచి, సొమ్ము ఎవరి చేతినుండి ఎవరి చేతికి పోయినదో కనుగొనెను. ఆ సొమ్ము అమెరికాకు దాటినదని తెలియగా తానును అమెరికాకు పోయి, అచ్చటి న్యాయాధికారులతో కలిసి పని చేసెను. మనిషి అబద్ధమాడవచ్చును, భయపడి ఊరకుండవచ్చును, జమాఖర్చు భయపడదు. పిదప 1986 ఫిబ్రవరి 10న ఉచ్చార్దోనే కారాగారము ప్రక్కన ప్రత్యేకముగా కట్టిన న్యాయశాలలో 475 మంది ముద్దాయీలపై మహావ్యాజ్యెము మొదలై, 1987 డిసెంబరు 16న తీర్పు వెలువడెను. ఇంటి పద్దు వ్రాసుకొను మన స్త్రీలకు ఆయన పద్ధతి తెలియని విద్య కాదని మేమనుకొంటిమి. పాలవాని లెక్క తప్పినచో మనమును వాని మాట వినము, గోడమీది గీతలు లెక్కింతుము గదా!

ఈ నగరమునకే నైజీరియావారు రానేల యని అడుగుదురేమో. దేశము లన్నియు కలిసి, హద్దులు దాటు ముఠాలపై చేసికొనిన మహాసంధి 2000వ సంవత్సరము డిసెంబరు నెలలో ఇచ్చటనే సంతకములకై తెఱవబడినది. మనుష్యులను, విశేషించి స్త్రీలను, శిశువులను విక్రయించుటను నిరోధించు అనుబంధపు ఒడంబడికయు దానితోడిదే. అది 2003 డిసెంబరు 25న అమలునకు వచ్చెను. మన దేశము 2002లో సంతకము చేసి, 2011 మే నెలలో ధ్రువపఱచినది. దాని ప్రకారము మనుష్య విక్రయమునకు మూడు అంగములు: రప్పించుట, తరలించుట, దాచుట వంటి పని, బెదరింపు, మోసము, నిస్సహాయతను వాడుకొనుట వంటి ఉపాయము, దేహమునో శ్రమనో దోచుకొను ప్రయోజనము. ఈ మూడును ఉన్నచోట, "నేను ఒప్పుకొనియే వచ్చితిని" అని ఆ దీనురాలే చెప్పినను నేరము నేరమే. పదునెనిమిదేండ్లు నిండని పిల్లల విషయములో ఉపాయము ఋజువు చేయ నక్కఱయే లేదు.

చూచుట ముగిసిన పిమ్మట అందఱును ఎదుటి కాఫీ దుకాణమునకు చేరితిమి. ఆ ముగ్గురు స్త్రీలలో పెద్దయామె, యాబది యేండ్లుండును, మెడలో పగడాల పేరు ధరించియుండెను. మా నల్లపూసల నడుమ నున్న పగడములను చూచి, "సోదరీ, మీ దేశములోను ఇవి శుభమేనా?" అని అడిగెను. అవునంటిమి. తమ బెనిన్ నగరములో పెండ్లికూతురికి పగడములు పెట్టుదురని ఆమె చెప్పెను. ఆ పగడములే మా యిరువురి నడుమ పరిచయమునకు సూత్రమైనవి.

ఆమె చెప్పిన వృత్తాంతము సంక్షేపముగా వ్రాసెదము. ఆ బెనిన్ నగరము, దాని చుట్టుప్రక్కల పల్లెలనుండి పడుచులను "ఐరోపాలో జడలు వేయు పని, పిల్లల నాడించు పని" అని చెప్పి బయలుదేరదీయుదురు. పంపునది తఱచుగా స్త్రీయే. ఒకప్పుడు తానును అట్లే అమ్మబడి, ఋణము తీర్చి, పిదప ఇతరులను కొనునట్టిది. ఎడారి దాటించి, లిబియాలో నిలిపి, పడవ లెక్కించి సిసిలీ తీరమునకు చేర్తురు. 2016వ సంవత్సరములో అట్లు సముద్రముపై ఇటలీ చేరిన నైజీరియా స్త్రీలు పదునొకండు వేలమంది. వారిలో నూటికి ఎనుబదిమంది అమ్మబడినవారై యుందురని అంతర్జాతీయ వలస సంస్థవారు అంచనా కట్టిరి. ప్రయాణపు ఖర్చని వేలకొలది యూరోలు ఋణము వ్రాయుదురు. బయలుదేరునపుడే గుడికి తీసికొనిపోయి, జుట్టును, గోళ్లను తీసికొని, ఋణము తీర్చెదననియు, ఎవరికిని చెప్పననియు ప్రమాణము చేయింతురు. మాట తప్పినచో పిచ్చి యెత్తుననియు, తల్లి చచ్చుననియు నమ్మకము. "తాళము వేసిన గదికి కిటికీ యైన నుండును, ప్రమాణమునకు కిటికీ లేదు" అని ఆమె యనెను.

అది వినగా మాకు చంద్రమతి జ్ఞప్తికి వచ్చినది. కాశీపురపు వీధిలో ఋణము తీర్చుటకై ఆ సాధ్వి అమ్ముడుపోయిన ఘట్టము చిన్ననాడు మా తాతగారు చదివి వినిపించునపుడు కన్నీరు గార్చితిమి. అయినను, మాట తప్పని హరిశ్చంద్రుని మెచ్చుకొంటిమే గాని, ఇంతకు ఆ ఋణము న్యాయమైనదా యని అడుగుట మాకు తోచలేదు. ప్రమాణము గొప్పదే. కాని మోసగాడు చేయించిన ప్రమాణము ధర్మమగునా?

ఆమె చెప్పిన మఱియొక మాట వినుడు. 2018 మార్చి నెలలో బెనిన్ ప్రభువు, ఓబా యను బిరుదు గలవాడు, పూజారులను సమావేశపఱచి, ఆ యువతులచేత చేయించిన ప్రమాణము లన్నియు రద్దయినవని ప్రకటించెను. చట్టము విప్పలేని ముడిని ఆ యొక్క మాట కొందఱి విషయమున విప్పినదట.

మఱి ఇచ్చట నేర్చుకొనుచున్న దేమియని అడిగితిమి. ఆమె వ్రేళ్లు మడచి నాలుగు చెప్పెను. మొదటిది, ముందు నీడ, పిదప ప్రశ్న. ఇటలీలో 1998 నాటి చట్టపు 18వ నిబంధన చొప్పున, ఆపదలోనున్న పరదేశపు స్త్రీకి, ఆమె పోలీసులకు ఫిర్యాదు చేయకపోయినను, ఆఱు నెలల నివాసానుమతి యీయవచ్చును, పిదప పొడిగింపవచ్చును. బ్రదుకు కుదుటపడినపుడే నిజము నోటికి వచ్చును. రెండవది, సొమ్ము వెంటను, టెలిఫోను మాటల వెంటను పోవుట. మాఫియాపై పని చేయు న్యాయాధికారులే ఈ నేరములనుగూడ విచారింతురు గనుక ఆ విద్య వారికి కరతలామలకము. మూడవది, ఆమె వాఙ్మూలమును ఆలస్యము చేయక, వ్యాజ్యెమునకు ముందే న్యాయాధిపతి యెదుట ఒక్కమాఱు వ్రాయించి భద్రపఱచుట. పదిమాఱులు పదిమందికి చెప్పించి ఆమెను మఱల మఱల బాధింపరు. నాలుగవది, ముఖపరిచయము. కాగితము మంత్రిశాఖలగుండ పోయి వచ్చుటకు నెలలు పట్టును; ఎదుటి దేశపు ప్రాసిక్యూటరు ముఖము తెలిసినచో, ఏ కాగితము కావలెనో, ఎట్లు వ్రాసిన చెల్లునో ముందే తెలిసికొనవచ్చును.

"మే మూరక నేర్చుకొని పోవుటలేదు. వీరు టెలిఫోనులో పట్టిన మాటలు మా పల్లెల భాషలోనివి. ఏ మాటకు ఏ గూఢార్థమో మేమే వీరికి చెప్పుచున్నాము" అని ఆమె నవ్వెను. 2003లో నైజీరియా దేశము ఇందులకై ప్రత్యేక చట్టమును, ప్రత్యేక సంస్థను ఏర్పఱచుకొన్నదట. దొంగ రెండు దేశముల నడుమ తాడు పేనినపుడు, దానిని తెంచుటకు రెండు కొనలను పట్టుకొనవలెను గదా.

అప్పుడు మా గుండెలోని ముల్లు కదలినది. మా వారి ముఖము చూచితిమి. ఆయన తల వంచుకొనిరి. మే మామెతో మా సంగతి చెప్పితిమి. సోదరీమణులారా, మీకును చెప్పుచున్నాము.

మా ఇంట పాచిపని చేయు ముసలమ్మకు ఒక కూతురున్నది. 2014వ సంవత్సరములో దానిని కువాయిటులో ఇంటిపనికి పంపుటకు ఒక ఏజెంటు వచ్చెను. ముప్పది యేండ్లు నిండని స్త్రీని అట్టి పనికి ఆ దేశములకు పంపుటకు మన ప్రభుత్వము అనుమతింపదు. ఆ పిల్లకు ఇరువదిరెండు. వారికి చదువు రాదు. కాగితములు నింపి పెట్టుడని మమ్ము వేడుకొనిరి. ఏజెంటు చెప్పిన చొప్పున ముప్పదిరెండని మా చేతితో మేమే వ్రాసితిమి. "బీదవారు, నాలుగు రాళ్లు సంపాదించుకొందురు" అని సమాధానము చెప్పుకొంటిమి. ఋణము లక్షా పదివేల రూపాయలని, ఇది వీసాకు, ఇది టిక్కెట్టుకు, ఇది తనకు అని ఏజెంటు చెప్పగా రెండు ప్రతులు వ్రాసి ఇచ్చితిమి. వాడు సంతకము చేసెను. ఒక ప్రతి ముసలమ్మ పోగొట్టుకొనునేమో యని మా భారతపు పుస్తకములో దాచితిమి. ఆ సాయంకాలమే వాడు పిల్లను అమ్మవారి గుడికి తీసికొనిపోయి, అప్పు తీరువఱకు తిరిగిరానని కర్పూర మార్పించెను.

అచ్చట దాని పాస్‌పోర్టు యజమానులు తీసికొనిరి. జీతము నెలలకొలది ముట్టలేదు. ఒకనాడు ఫోనులో ఏడ్చుచుండగా, "వచ్చేయవే" అంటిమి. "మాటిచ్చేనమ్మగారూ, అప్పు తీరకుండా ఎలాగొస్తాను?" అనినది. కడకు ఆ యిల్లు విడిచి పాఱిపోయి, 2018లో కువాయిటు ప్రభుత్వము కాగితములు లేనివారికి క్షమాభిక్ష ప్రకటించినపుడు మన రాయబార కార్యాలయమువారి సాయముతో ఊరు చేరినది. ఏమి జరిగినదే యని అడిగిన, "నాకేం కాలేదమ్మగారూ" అని మాత్రమే యనును. ఏమియు కాలేదు గాబోలునని మేమును ఊఱడిల్లితిమి. నిజమునకు ఆ మౌనము మాకును అనుకూలముగానే యుండినది. ఏజెంటు నేటికిని మా వీధిలో బండిపై తిరుగుచున్నాడు.

ఆమె అంతయు విని మమ్ము నిందింపలేదు. "ఆ కాగితము ఉన్నదా?" అని మాత్రము అడిగెను. ఉన్నదంటిమి. "సోదరీ, మే మింత దూరము వచ్చి వెదకుచున్నది అట్టి కాగితమునే. ఆ బిడ్డ నోటినుండి అన్నియు పెఱికి తీయవలదు. కాగితమును మాటాడనీయుడు. కాని అది యీయవలెనా యన్న మాట ముందు ఆ బిడ్డనడుగుడు, దానిని అడుగకుండ ఇదివఱకు చాలామంది చాలా చేసిరి" అనెను. ఆ మాట మేము మఱవలేము.

మే 23వ తేదీ సాయంకాలము ఫాల్కోనేగారు కాపురమున్న ఇంటి యెదుటికి జనముతో కలిసి పోయితిమి. ఆ వాకిట నొక పెద్ద చెట్టున్నది. మన మఱ్ఱి, రావి యే జాతివో అదియు ఆ జాతిదే. దాని బోదెకు బడిపిల్లలు చీటీలు, బొమ్మలు కట్టుదురు. ప్రేలుడు జరిగిన వేళకు బాకా యూదిరి. వేలజనము నిశ్శబ్దముగా నిలిచిరి. నేరమునకు కాపుగాయు మౌన మొకటి, నేరమును మఱవని మౌన మొకటి. రెండవదానిని ఆ చెట్టుక్రింద చూచితిమి.

ఇంటికి వచ్చిన మఱునాడే భారతము తెఱచితిమి. కాగితము అట్లే యున్నది. మా వ్రాత, వాని సంతకము. దానిని బయటపెట్టినచో వయస్సు తప్పు వ్రాసినవారెవ్వరన్న ప్రశ్న ముందు మాకే వచ్చును. మా వారిది ప్రభుత్వపు బడిలో కొలువు. రెండు రాత్రులు మాకు నిద్ర లేదు. మూడవనాడు మా వారే, "పిల్లలకు సత్యము బోధించి జీతము తీసికొనుచున్నాను. ఇంక దాచలేను" అనిరి.

ఆ పిల్లను పిలిచి, కాగితము చూపి, ఇష్టమున్ననే యని చెప్పితిమి. అది చాలసేపు నేల చూచి, "కర్పూరం ఆర్పేను గదండీ, ఆ పాపం నన్ను కొట్టదా?" అనినది. మేము బెనిన్ ప్రభువు కథ చెప్పితిమి. "మోసంతో వేయించిన ఒట్టు, వేయించినవాడికే తగులుతుందే" అంటిమి. ఏమియు పలుకక పోయినది. నాలుగవనాడు ఉదయమున పని కాకముందే వచ్చి, తల దువ్వుకొని, తెల్లచీర కట్టుకొని గడపలో నిలిచినది. "పదండమ్మగారూ" అనినది.

నలుగురమును పోలీసు కార్యాలయమునకు పోయితిమి. మా వ్రాత మాదేయని మేమే ముందుగా చెప్పి, కాగితమును, ముసలమ్మ ఏజెంటు ఖాతాకు సొమ్ము కట్టిన బ్యాంకు రసీదులను ఒప్పగించితిమి. విచారణ నడచుచున్నది. మమ్మును అడిగిరి, మఱల అడుగుదురు; చెప్పెదము.

సోదరీమణులారా! మన యిండ్లలో చదువు వచ్చినవారము మనము. కాగితము నింపి పెట్టుమని ఎవరైన మన గడప త్రొక్కినపుడు కలము తీయుటకు ముందు నాలుగు మాట లడుగుదము. వయస్సు నిజమేనా? ఆ ఏజెంటు పేరు విదేశాంగశాఖవారి ఈ-మైగ్రేట్ జాబితాలో నున్నదా? ఇంటిపనికి పోవు స్త్రీలను ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపవలెనని 2016లో చేసిన నియమము తెలియునా? పోయిన చోట పాస్‌పోర్టు ఎవరి చేతిలో నుండును? ఈ మాటలకు బదులు రానిచో కలము మూయుదము. వ్రాసినచో ఒక ప్రతి దాచుదము.

ఆ పిల్ల నేడు మా వాకిట ముగ్గు వేయుచు, "ఆ దేశపమ్మగారికి నా సంగతి రాసేరా అండీ?" అని అడిగినది. వ్రాసితిమంటిమి. "నేనే ఎల్లి చెప్పేనని కూడా రాయండి" అనినది. అదియు వ్రాసితిమి.